ఈవెంట్ పేరు తప్పితే కంపైలరే పట్టుకోవాలి: వెబ్ యాప్‌లో టైప్‌సేఫ్ ట్రాకింగ్ ఎలా చేయాలి

సంక్రాంతికి పది రోజుల ముందు, బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్ యాప్‌లో సీటు ఎంచుకునేవారి సంఖ్య ఒక్కసారిగా సగానికి పడిపోయినట్టు డ్యాష్‌బోర్డ్ చూపించింది. టికెట్లు మాత్రం మామూలు రోజులకంటే ఎక్కువగానే అమ్ముడవుతున్నాయి. ఆ ప్రాజెక్టులో నేనూ ఉన్నాను. రెండు రోజులు వెతికాక తేలిందేమిటంటే, ఫోన్ తెర కోసం కొత్తగా రాసిన సీట్ల పటంలో మాలో ఒకరు “సీట్_సెలెక్టెడ్” అనే ఈవెంట్ (యూజర్ చేసిన ఒక పనిని నమోదు చేసేందుకు యాప్ పంపే సందేశం) పేరును “సీట్_సెలెక్ట్” అని రాశారు, పైగా దానితో పాటు వెళ్లాల్సిన చార్జీ వివరాన్ని పంపడం మరిచిపోయారు. కోడ్ ఎక్కడా ఆగలేదు, కన్సోల్‌లో ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు, ఎందుకంటే మేము వాడుతున్న ట్రాకింగ్ ఫంక్షన్ ఏ స్ట్రింగ్ ఇచ్చినా మారు మాట్లాడకుండా తీసుకునేది.

చెల్లింపు కోడ్‌లో తప్పుంటే కస్టమర్ ఫోన్ చేసి తిడతాడు. ట్రాకింగ్ కోడ్‌లో తప్పుంటే ఎవరూ ఫోన్ చేయరు, మూడు వారాల తర్వాత ఎవరో రిపోర్టు తెరిచినప్పుడే అది బయటపడుతుంది, అప్పటికి పోయిన రోజుల సమాచారాన్ని వెనక్కి తెచ్చే దారి ఉండదు. అందువల్ల ఈ పనిలో తప్పును కోడ్ రాసే క్షణంలోనే పట్టుకునే ఏర్పాటు ఉండాలి. అదే బస్సు టికెట్ల యాప్‌ను ఉదాహరణగా తీసుకుని, టైప్‌స్క్రిప్ట్‌తో, అంటే ప్రతి విలువ రకాన్ని (టైప్‌ను) ముందే ప్రకటించి కంపైలర్‌తో తనిఖీ చేయించే జావాస్క్రిప్ట్‌తో, ఆ ఏర్పాటును ఎలా కట్టుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. కోడ్ ముక్కలను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను; మీ ఫైల్‌లో అవే పదాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయని గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు: కోడ్ కంటే ముందు ప్రశ్నలు

ఎడిటర్ తెరవక ముందు ఒక కాగితం తీసుకుని, ఈ యాప్ గురించి మీ బృందం నిజంగా తెలుసుకోవాలనుకుంటున్న ప్రశ్నలను రాయండి. బస్సులు వెతికినవారిలో ఎంతమంది సీటు దాకా వచ్చారు, చెల్లింపు ఎక్కడ ఎక్కువగా విఫలమవుతోంది, స్లీపర్ బస్సుల కోసం వచ్చినవారు సీటర్‌తో సరిపెట్టుకుంటున్నారా అన్నవి అటువంటి ప్రశ్నలు. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పని ఈవెంట్‌ను పెట్టకండి. “ఎందుకైనా మంచిది, ఉండనివ్వండి” అని పెట్టిన ఈవెంట్లను తర్వాత చూసినవారిని నేను ఇంతవరకు ఎరుగను.

పేర్లకు ఒకే పద్ధతి పెట్టుకోండి. ముందు వస్తువు, తర్వాత దానికి జరిగిన పని, పని ఎప్పుడూ భూతకాలంలో, మధ్యలో అండర్‌స్కోర్: “సెర్చ్_సబ్మిటెడ్”, “సీట్_సెలెక్టెడ్”, “పేమెంట్_ఫెయిల్డ్”. ఈవెంట్లను పోగుచేసి రిపోర్టులిచ్చే గూగుల్ అనలిటిక్స్ 4ను మీరు వాడుతున్నట్లయితే ఈవెంట్ పేరు 40 అక్షరాలు దాటకూడదు, ఒక ఈవెంట్‌తో 25 పారామీటర్ల (ఈవెంట్‌తో పాటు వెళ్లే వివరాల) కంటే ఎక్కువ వెళ్లకూడదు, మామూలు ఖాతాలో పారామీటర్ విలువ 100 అక్షరాలకు పరిమితం. పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడాను కూడా అది వేర్వేరు పేర్లుగానే లెక్కిస్తుంది కాబట్టి అన్నీ చిన్నబడిలోనే ఉంచడం క్షేమం.

రెండో మెట్టు: నిఘంటువు ఒకే ఫైల్‌లో

ప్రాజెక్టులో టైప్‌స్క్రిప్ట్ “స్ట్రిక్ట్” సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో ముందుగా చూసుకోండి. అది లేకపోతే ఇక్కడ చెప్పే రక్షణలో సగం పనిచేయదు. తర్వాత ఈవెంట్లన్నిటికీ ఒకే ఒక ఫైల్ తెరిచి, అందులో పేరుకూ ఆ పేరుతో వెళ్లాల్సిన వివరాలకూ జత కట్టండి; ఇదే మన ఈవెంట్ల నిఘంటువు.

టైప్ ఈవెంట్‌మ్యాప్ = {
  సెర్చ్_సబ్మిటెడ్: { ఫ్రమ్_స్టాప్: స్టాప్‌కోడ్; టు_స్టాప్: స్టాప్‌కోడ్; జర్నీ_డేట్: జర్నీడేట్; రిజల్ట్_కౌంట్: నంబర్ };
  సీట్_సెలెక్టెడ్: { ట్రిప్_ఐడీ: స్ట్రింగ్; సీట్_టైప్: "స్లీపర్" | "సీటర్"; ఫేర్: పైసే };
  పేమెంట్_ఫెయిల్డ్: { మెథడ్: "యూపీఐ" | "కార్డ్" | "నెట్‌బ్యాంకింగ్"; రీజన్: ఫెయిల్‌రీజన్ };
  హెల్ప్_ఓపెన్డ్: రికార్డ్<స్ట్రింగ్, నెవర్>;
};

ఇందులోని స్టాప్‌కోడ్, జర్నీడేట్, పైసే, ఫెయిల్‌రీజన్ అన్నవి మనం విడిగా నిర్వచించుకునే టైప్‌లు; మొదటి మూడింటి సంగతి నాలుగో మెట్టులో వస్తుంది. చివరి వరుసను గమనించండి. సహాయం బటన్ నొక్కినప్పుడు వేరే వివరమేదీ పంపనక్కరలేదు. అటువంటప్పుడు చాలామంది ఖాళీ బ్రాకెట్ల జతను టైప్‌గా రాస్తారు, కానీ టైప్‌స్క్రిప్ట్‌లో ఆ ఖాళీ జతకు “ఏమీ ఉండకూడదు” అని అర్థం కాదు, “నల్, అన్‌డిఫైన్డ్ కానిది ఏదైనా సరే” అని అర్థం. “రికార్డ్ ఆఫ్ స్ట్రింగ్, నెవర్” అని రాస్తేనే నిజంగా ఖాళీగా ఉండాలన్న నియమం ఏర్పడుతుంది.

ప్రతి వరుస పైన ఒక వ్యాఖ్య కూడా రాయండి: ఈ ఈవెంట్ సరిగ్గా ఏ క్షణంలో వెళ్లాలి, దాన్ని ఎవరు చూస్తారు అన్నవి రెండు వాక్యాల్లో. “సీట్_సెలెక్టెడ్” అంటే సీటు మీద వేలు పెట్టినప్పుడా, లేక “ముందుకు” బటన్ నొక్కినప్పుడా అన్నది ఏ కంపైలరూ చెప్పలేదు. టైప్ ఆకారాన్ని కాపలా కాస్తుంది కానీ అర్థాన్ని కాయదు.

మూడో మెట్టు: అందరూ వెళ్లాల్సిన ఒకే తలుపు

ఇప్పుడు ట్రాకింగ్ కోసం ఒకే ఒక ఫంక్షన్ రాసి, యాప్‌లో మరెవరూ అనలిటిక్స్ లైబ్రరీని నేరుగా పిలవకూడదని లింటర్‌లో (కోడ్ నియమాలు తప్పితే హెచ్చరించే సాధనంలో) నియమం పెట్టండి. ఆ ఫంక్షన్ తలకట్టు ఇలా ఉంటుంది:

ఫంక్షన్ ట్రాక్<కె ఎక్స్‌టెండ్స్ కీఆఫ్ ఈవెంట్‌మ్యాప్>(నేమ్: కె, ప్రాప్స్: ఈవెంట్‌మ్యాప్[కె]): వాయిడ్

ఇక్కడ “కె” అంటే నిఘంటువులోని ఈవెంట్ పేర్లలో ఒకటి, “ప్రాప్స్” అంటే ఆ పేరుకు జత కట్టిన వివరాలు. దీనివల్ల ఎడిటర్‌లో ఏం మారుతుందో ఒకసారి చేసి చూడండి. “ట్రాక్” అని రాసి కొటేషన్ గుర్తు తెరవగానే ఉన్న ఈవెంట్ పేర్లన్నీ జాబితాగా దిగుతాయి. “సీట్_సెలెక్ట్” అని రాస్తే అక్కడికక్కడే ఎర్ర గీత పడుతుంది. సరైన పేరు రాసి చార్జీని మరిచిపోతే “ఫేర్” లేదని చెబుతుంది. మా సంక్రాంతి తప్పులు రెండూ ఈ ఒక్క వరుసతో బిల్డ్ (కోడ్‌ను బ్రౌజర్‌కు పంపేలా సిద్ధం చేసే దశ) దాటకుండా ఆగిపోయేవి.

అయితే ఈ తలకట్టులో ఒక సందు ఉంది. పేరును నేరుగా రాయకుండా, రెండు పేర్లలో ఏదైనా కాగల చరరాశిని ఇచ్చారనుకోండి. అప్పుడు “కె” ఆ రెండింటి యూనియన్ (ఇదైనా అదైనా కావచ్చనే టైప్) అవుతుంది, వివరాలు కూడా రెండింటి యూనియన్ అవుతాయి, దాంతో ఒక ఈవెంట్ పేరుకు మరో ఈవెంట్ వివరాలు జత చేసినా కంపైలర్ ఊరుకుంటుంది. పేరును ఎప్పుడూ పిలిచే చోటే అక్షరాలా రాయాలన్న నియమంతో ఇది చాలావరకు తీరుతుంది. పేరును చరరాశిలో పెట్టక తప్పని చోట పేరునూ వివరాలనూ ఒకే ఆబ్జెక్టులో కలిపి, పేరును బట్టి ఆకారం మారే డిస్క్రిమినేటెడ్ యూనియన్‌గా పంపండి.

ఇంతకంటే ప్రమాదకరమైన సందు మరొకటి ఉంది, దాని దగ్గర కాస్త ఆగుదాం. టైప్‌స్క్రిప్ట్ ఒక వస్తువులో ఉండాల్సినవి ఉన్నాయా అని చూస్తుంది కానీ, ఉండకూడనివి ఉన్నాయా అని అన్ని వేళలా చూడదు. బ్రాకెట్లలో అప్పటికప్పుడు రాసిన ఆబ్జెక్టులో అదనపు వివరం ఉంటే మాత్రమే అభ్యంతరం చెబుతుంది. అదే ఆబ్జెక్టును ముందు ఒక చరరాశిలో పెట్టి పంపినా, మూడు చుక్కలతో మరో ఆబ్జెక్టును అందులోకి పరిచినా, అదనపు వివరాలు చప్పుడు లేకుండా దాటిపోతాయి. బస్సు టికెట్ యాప్‌లో బుకింగ్ ఆబ్జెక్టులో ప్రయాణికుని పేరు, వయసు, ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి. పని తొందరలో ఎవరైనా ఆ ఆబ్జెక్టును మొత్తంగా పరిచేస్తే, టైప్ తనిఖీ పచ్చజెండా ఊపుతుండగానే ఫోన్ నంబర్లన్నీ అనలిటిక్స్ కంపెనీ సర్వర్‌కు చేరతాయి. వ్యక్తులను గుర్తించగల సమాచారం పంపకూడదని గూగుల్ అనలిటిక్స్ నిబంధనలే చెబుతున్నాయి. అందుకే “ట్రాక్” ఫంక్షన్ లోపల ప్రతి ఈవెంట్‌కూ అనుమతించిన వివరాల పేర్ల జాబితా ఒకటి ఉంచి, ఆ జాబితాలో ఉన్నవాటిని మాత్రమే ఏరి బయటికి పంపండి. ఈ వడపోత కోడ్ నడిచే సమయంలో జరగాలి. దీన్ని టైప్‌లకు వదిలేయవద్దు.

నాలుగో మెట్టు: అంకె అంటే ఏ అంకె?

చార్జీ 850 రూపాయలు అనుకుందాం. రేజర్‌పే వంటి చెల్లింపు గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో తీసుకుంటాయి, అంటే అక్కడ అది 85000. తెర మీద 850, గేట్‌వే దగ్గర 85000, టైప్‌స్క్రిప్ట్ దృష్టిలో రెండూ “నంబర్” మాత్రమే. ఒక స్క్రీన్ రూపాయలు పంపి, మరో స్క్రీన్ పైసలు పంపితే సగటు చార్జీ లెక్క ఎవరికీ అర్థం కాని సంఖ్యగా తయారవుతుంది. దీనికి విరుగుడు బ్రాండెడ్ టైప్. నంబర్ టైప్‌కు “పైసే” అనే ముద్రను టైప్ స్థాయిలో తగిలించి, రూపాయలను పైసలుగా మార్చే ఒకే ఒక ఫంక్షన్ ద్వారా మాత్రమే ఆ ముద్ర పడేలా చేస్తారు. నడిచే కోడ్‌లో ఆ ముద్ర ఉండదు కాబట్టి వేగానికి నష్టం లేదు, కానీ ముద్ర లేని అంకెను “ఫేర్” దగ్గర పెడితే కంపైలర్ ఒప్పుకోదు.

ఊళ్ల పేర్ల విషయంలో మనకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. రాజమండ్రి, రాజమహేంద్రవరం ఒకే ఊరు, స్ట్రింగులు మాత్రం రెండు. తెలుగు లిపిలో పంపితే కంటికి కనిపించని తేడా ఒకటి కూడా వస్తుంది: “హైదరాబాద్‌లో” అన్న మాటలో పొల్లు తర్వాత, కింద వత్తు పడకుండా ఆపే ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. అక్కడి నుంచి ఊరి పేరును కాపీ చేసినప్పుడు ఆ అక్షరం తోకలా వెంట వస్తే, చూడటానికి అచ్చం ఒకేలా ఉండే రెండు “హైదరాబాద్”లు రిపోర్టులో రెండు వేర్వేరు వరుసలుగా కూర్చుంటాయి. ఇక పొడవు సంగతి. “శ్రీకాకుళం” మన లెక్కలో 4 అక్షరాలు, జావాస్క్రిప్ట్ పొడవు లెక్కలో 10, యూటీఎఫ్-8లో 30 బైట్లు. వెతుకులాట పదాలను తెలుగులో పంపేవారు 100 అక్షరాల పరిమితి మనం అనుకున్నదాని కంటే చాలా ముందే వచ్చేస్తుందని గమనించాలి. కాబట్టి ఊరి పేరు బదులు స్థిరమైన స్టాప్ కోడ్ పంపండి, పేరును రిపోర్టు తయారయ్యే చోట జోడించుకోండి.

తేదీ దగ్గర కూడా ఇటువంటి గుంత ఒకటి పొంచి ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో తేదీని ఐఎస్ఓ స్ట్రింగ్‌గా మార్చి మొదటి పది అక్షరాలు తీసుకోవడం అందరికీ అలవాటు. ఆ స్ట్రింగ్ యూటీసీలో ఉంటుంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంది. అర్ధరాత్రి 12 దాటాక తెల్లవారుజామున 5:30 లోపు జరిగినదంతా ఈ పద్ధతిలో నిన్నటి ఖాతాలో పడుతుంది. పగటి వ్యాపారానికి ఇది పెద్ద తేడా కాకపోవచ్చు కానీ, రాత్రి బస్సుల వ్యాపారంలో ఈ గంటల్లో జరిగే వ్యవహారం తక్కువేమీ కాదు. ఈవెంట్ జరిగిన క్షణాన్ని పూర్తి టైమ్‌స్టాంప్‌గానూ, ప్రయాణ తేదీని భారత కాలమానం ప్రకారం లెక్కించిన “జర్నీడేట్” అనే వేరే బ్రాండెడ్ టైప్‌గానూ ఉంచండి.

ఐదో మెట్టు: టైప్ ఆగే చోట తనిఖీ మొదలవ్వాలి

టైప్‌స్క్రిప్ట్ టైప్‌లన్నీ బిల్డ్ సమయంలోనే చెరిగిపోతాయి, బ్రౌజర్‌కు చేరేది వట్టి జావాస్క్రిప్ట్. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌ను (సమాచారాన్ని పాఠంగా పంపే రూపాన్ని) విప్పితే దాని టైప్ “ఎనీ”, అంటే “ఏదైనా సరే”, అవుతుంది, “ఎనీ” ఎక్కడైనా దూరిపోతుంది. ట్రిప్ ఐడీ స్ట్రింగ్ అని మీరు నమ్మి రాసుకున్నా, సర్వర్ ఒకనాడు దాన్ని అంకెగా పంపితే మీ ఈవెంట్‌లోకి అంకే చేరుతుంది.

అందుచేత ఈవెంట్ల నిఘంటువును వట్టి టైప్‌గా కాక జాడ్ వంటి లైబ్రరీతో స్కీమాగా (నడిచే సమయంలో కూడా తనిఖీ చేయగల నమూనాగా) రాసి, దాని నుంచి టైప్‌ను రాబట్టుకోవడం మేలు. ఒకే నిర్వచనం ఎడిటర్‌లో ఎర్ర గీతకూ, నడిచే సమయంలో తనిఖీకీ ఉపయోగపడుతుంది, పైన చెప్పిన వడపోత కూడా దాంతోనే జరిగిపోతుంది. బ్రౌజర్‌లో లైబ్రరీ బరువు ఎక్కువనిపిస్తే తనిఖీని అభివృద్ధి దశలోనూ సర్వర్‌లోనూ మాత్రం ఉంచి, ప్రజలకు వెళ్లే బిల్డ్‌లో వడపోతను ఒక్కదాన్ని చేత్తో రాసుకోవచ్చు. సర్వర్‌లో తనిఖీ తప్పిన ఈవెంట్లను పారేయకుండా వేరే టేబుల్‌లో, తప్పిన కారణంతో సహా దాచండి. ఆ టేబుల్ వరుసల సంఖ్య పెరిగిన రోజు అలారం మోగేలా చేస్తే, రిపోర్టు తెరిచేదాకా ఆగే అవసరం ఉండదు.

ఆరో మెట్టు: పంపడం

యూజర్ ట్యాబ్ మూసే క్షణంలో ఉన్న ఈవెంట్లే ఎక్కువగా పోతుంటాయి. ఈవెంట్లను ఒక క్యూలో చేర్చి, పేజీ కనబడకుండా పోయినట్టు బ్రౌజర్ సంకేతం “విజిబిలిటీచేంజ్” తెలిపినప్పుడు, పేజీ మూసుకుపోతున్నా సమాచారాన్ని పంపగల “సెండ్‌బీకన్”తో పంపండి. పాతకాలపు “అన్‌లోడ్”ను నమ్ముకోవద్దు, ఫోన్లలో అది చాలాసార్లు రానే రాదు. బీకన్ ఒకసారికి మోయగలిగేది 64 కిలోబైట్లు మాత్రమే, అది క్యూలో పెట్టలేకపోతే “ఫాల్స్” అని తిరిగి చెబుతుంది, ఆ జవాబును చదవండి. మళ్లీ పంపే సందర్భాలుంటాయి కాబట్టి ప్రతి ఈవెంట్‌కూ ఒక ఐడీ ఇచ్చి సర్వర్‌లో రెండోదాన్ని వదిలేయండి. ట్రాకింగ్‌లో ఏ తప్పు జరిగినా టికెట్ కొనడం ఆగకూడదు కనుక “ట్రాక్” లోపలి పనంతా, తప్పు వచ్చినా మిగతా కోడ్‌ను ఆపకుండా పట్టేసే ట్రై-క్యాచ్‌లో ఉండాలి.

మీ తెరలను రియాక్ట్ లైబ్రరీతో కట్టి ఉంటే, రియాక్ట్ 18 నుంచి దాని స్ట్రిక్ట్‌మోడ్ (తప్పులు బయటపెట్టే సెట్టింగ్) ఉన్నప్పుడు, అభివృద్ధి దశలో మాత్రమే, ఎఫెక్టులు (తెర కనబడ్డాక నడిచే కోడ్) రెండుసార్లు నడుస్తాయి. పేజీ చూసిన ఈవెంట్ రెండేసిగా కనబడితే కంగారుపడి స్ట్రిక్ట్‌మోడ్ తీసేయకండి. సీటు ఎంపిక వంటివి ఎలాగూ ఎఫెక్టులో కాకుండా క్లిక్ ఫంక్షన్‌లోనే ఉండాలి.

“టికెట్_బుక్డ్” మాత్రం బ్రౌజర్ నుంచి పంపవద్దని నా గట్టి సలహా. ఫోన్‌లో యూపీఐతో చెల్లించేవారు మన పేజీ వదిలి వేరే యాప్‌లోకి వెళతారు. అక్కడ పిన్ కొట్టి, డబ్బు కట్ అయిందని చూసుకుని, ఎస్సెమ్మెస్‌లో టికెట్ రాగానే ఫోన్ జేబులో పెట్టేసుకునేవారు మళ్లీ మన పేజీకి రావాల్సిన పనేముంది? ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్లు సరేసరి. డబ్బుతో ముడిపడిన ఈవెంట్‌ను, గేట్‌వే నుంచి నిర్ధారణ అందిన తర్వాత మీ సర్వరే, అదే నిఘంటువు ఫైల్‌ను వాడుకుంటూ నమోదు చేయాలి.

ఏడో మెట్టు: అనుమతి

యూజర్ అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్నను పిలిచే చోటల్లా వేయకుండా “ట్రాక్” తలుపు దగ్గర ఒక్కసారే వేయండి. అనుమతి స్థితిని “ఇచ్చారు”, “ఇవ్వలేదు”, “ఇంకా అడగలేదు” అని మూడు విలువల యూనియన్‌గా ఉంచండి. అవును-కాదు అనే బూలియన్‌లో మూడో స్థితికి చోటుండదు, అడగకముందే పంపేసే పొరపాటు అక్కడే పుడుతుంది. భారతదేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే, వారి ప్రవర్తనను ట్రాక్ చేయడాన్ని ఆ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. మీ యాప్ పిల్లల కోసమైతే ఈ తలుపు దగ్గర రాయాల్సిన షరతు గురించి ముందుగా న్యాయవాదిని అడగండి.

ఎనిమిదో మెట్టు: మార్పులను మోయడం

ఈవెంట్లను రెండు చోట్లకు, ఉదాహరణకు గూగుల్ అనలిటిక్స్‌కూ మీ సొంత డేటాబేస్‌కూ పంపుతున్నట్లయితే, ఒక్కోదానికి ఈవెంట్ పేరునూ అక్కడి పేరునూ కలిపే పట్టిక అవసరమవుతుంది. 2022 నవంబరులో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 4.9లోని “శాటిస్‌ఫైస్”ను (ఒక విలువ ఫలానా టైప్‌కు సరిపోతుందో లేదో చూసే పదాన్ని) ఆ పట్టికకు తగిలిస్తే, నిఘంటువులో కొత్త ఈవెంట్ చేర్చి పట్టికలో మరిచిపోయినప్పుడు బిల్డ్ ఆగుతుంది. తప్పుడు పిలుపులు నిజంగా తప్పుగానే తేలుతున్నాయని నిరూపించే పరీక్షలు కూడా నాలుగైదు రాయండి. తప్పు పిలుపు పైన “టీఎస్-ఎక్స్‌పెక్ట్-ఎర్రర్” వ్యాఖ్య ఉంచితే, ఎవరైనా టైప్‌లను సడలించి ఆ తప్పును ఒప్పుగా మార్చిన రోజు పరీక్షే విఫలమవుతుంది.

ఉన్న ఈవెంట్ అర్థాన్ని మార్చాల్సివస్తే పాత పేరు కిందే మార్చకండి, కొత్త పేరు పెట్టండి. నిరుటి సంక్రాంతితో ఈ సంక్రాంతిని పోల్చాల్సిన మనిషికి, మధ్యలో “సీటు ఎంపిక” అంటే అర్థం మారిందని తెలిసే మార్గం వేరే లేదు. పాత ఈవెంట్‌ను తీసేసేటప్పుడు నిఘంటువులో ఆ వరుసను చెరపండి, దాన్ని పిలిచే చోట్లన్నీ కంపైలరే చూపిస్తుంది, ఒక్కొక్కటే తీసేయండి. సర్వర్‌లో స్కీమాను మాత్రం అదే రోజు తీసేయవద్దు. పాత బిల్డ్‌తో తెరిచిన ట్యాబ్‌ను మూయకుండా ఫోన్‌లో రోజుల తరబడి ఉంచుకునేవారు ఉంటారు, వారి నుంచి పాత పేరుతో ఈవెంట్లు వస్తూనే ఉంటాయి. రెండు వారాల పాటు ఒక్కటీ రాలేదని సర్వర్ లాగ్ ఫైళ్లలో చూసుకున్నాకే అక్కడి వరుసనూ చెరపండి.